కొత్తగదిలో దగ్గు

నేను పశువుల డాక్టర్ని. నాకు కోపమెక్కువని మా అమ్మ దగ్గర్నుంచి మందుల షాపువాళ్ళ దాకా అందరూ అంటారు. పశువుల మీద మాత్రం నాకు ఎప్పుడూ కోపం రాలేదు. జ్వరమొస్తే వచ్చినట్టే ఉంటాయి, దాచిపెట్టడం వాటికి చేతకాదు. వాటిని పెంచేవాళ్ళతోనే నాకు పేచీ. "నిన్నటిదాకా బాగానే మేసిందండీ" అన్న మాట చెవిన పడితే చాలు, నాకు ఒళ్ళు మండుతుంది.

లెక్కల మాస్టారి డెయిరీలో ఆ మంట రెండేళ్ళు సాగింది. ఆయన బడిలో రిటైరయ్యాక ఆవులు పెట్టుకున్నారు. అరవై దాకా ఉండేవి. వాటి మంచీ చెడ్డా చూసేది మా చిన్న మావయ్య, అంటే మా అమ్మకి తమ్ముడు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, అరవై మంది అలకలు తీర్చేవాణ్ణి, ఇంకొకరిది నా వల్ల కాదనేవాడు. నేనీ చదువు చదవడానికి కారణం కూడా ఆయనే. నాకు ఆరేళ్ళప్పుడు నా అరచెయ్యి తీసి ఒక చూలు ఆవు పొట్టకి ఆనించి, లోపల దూడ తన్నేదాకా కదలకుండా నిలబెట్టాడు. ఆ తన్ను నాకు ఇప్పటికీ గుర్తే.

ఆ రెండేళ్ళలో ఏడు ఆవులకి టీబీ బయటపడింది. మా పరీక్ష పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. మెడ దగ్గర చర్మంలోకి ఒక చుక్క మందు ఎక్కిస్తాం. మూడోరోజున అక్కడ వాచిందో లేదో కొలుస్తాం. వాస్తే జబ్బు ఉన్నట్టు లెక్క. అలాంటి పశువుని మందలో ఉంచకూడదు, వైద్యం చెయ్యకూడదు, బండెక్కించెయ్యాలి. ఆ బండి ఎక్కడికి పోతుందో అందరికీ తెలుసు. పైకి మాత్రం ఎవరూ అనరు.

విచిత్రమేమిటంటే, ఆ ఏడింట్లో ఆరు కొత్తగా కొని తెచ్చినవి. కొనేముందు నేనే వెళ్ళి పరీక్ష చేశాను. ఒక్కదానికీ వాపు లేదు. అయినా నమ్మకుండా, తెచ్చిన ప్రతి ఆవునీ రెండు నెలలు మందకి దూరంగా ఉంచాలని పట్టుబట్టాను. దానికోసం పాకల వెనక ఒక గది ఉంది, కొత్తగది అంటారు. కొత్త ఆవులూ, తల్లి చచ్చిపోయిన దూడలూ అందులోనే ఉండేవి. అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సినవి అవే కదా అని మావయ్య మంచం కూడా అందులోనే వేయించాను. వేయించింది నేనే. చలికాలం గాలి తగలకుండా ఆయన కిటికీలకి గోనెలు కట్టేవాడు. తీరా మందలో కలిపేముందు మళ్ళీ పరీక్ష చేస్తే మెడ మీద గుడ్డంత వాపు.

అమ్మినవాళ్ళు మోసం చేశారని నేను ఎగిరిపడ్డాను. ఒకాయనకి ఫోన్ చేసి నానా మాటలూ అన్నాను. ఆ తర్వాత నీళ్ళ తొట్టిని అనుమానించాను, గడ్డి తెచ్చే బండిని అనుమానించాను, ఆఖరికి ఎలుకల్ని కూడా వదల్లేదు. మాస్టారు పాపం నేను చెప్పిందల్లా చేశారు. గోడలకి మూడుసార్లు సున్నం వేయించారు.

మొన్న చలికాలంలో మంద మొత్తానికీ మళ్ళీ పరీక్ష మందు ఎక్కించాను. అది సోమవారం. మర్నాడు సాయంత్రం మాస్టారి వరండాలో కూర్చుని, ఎక్కడెక్కడి నుంచి ఏ ఆవు వచ్చిందో కాగితం మీద రాసుకున్నాను. ముగ్గురు అమ్మకందార్లు. మూడు దిక్కులు. ఒకరి పశువు ఇంకొకరి పశువు ముఖం చూసింది లేదు. ఏడోది ఇక్కడే పుట్టిన అనాథ దూడ. మాస్టారు కళ్ళజోడు సవరించుకుని, అన్నిటికీ ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే కనిపిస్తోందమ్మా, ఆ గది, అన్నారు. గదినేం చెయ్యమంటారు, పడగొట్టమంటారా అని ఆయన మీద కూడా విసుక్కున్నాను. సరిగ్గా అప్పుడు వెనక నుంచి మావయ్య దగ్గు వినిపించింది. రెండేళ్ళుగా వింటున్న దగ్గే. గడ్డి దుమ్మని ఆయన అన్నాడు, మేమూ అవునన్నాం. నేను కలం కింద పెట్టేశాను.

అక్కడ ఎలుక దాకా ప్రతి ప్రాణినీ శంకించాను. మావయ్యని శంకించలేదు. ఆయన మనవాడు కదా.

మర్నాడు పొద్దున్నే ఆయన్ని మనుషుల డాక్టర్ దగ్గరికి లాక్కెళ్ళాను. సాయంత్రానికి తేలిపోయింది. కళ్ళెలో టీబీ ఉంది. డాక్టర్ నెమ్మదస్తుడు, అంతా విడమరిచి చెప్పాడు. చిన్నప్పుడు పొదుగు దగ్గరే నోరు పెట్టి పచ్చిపాలు తాగి ఉంటాడు, ఏ ఆవు నుంచో అప్పుడే ఒంట్లో చేరి ఉంటుంది. ఇన్నాళ్ళూ నిద్రపోయి, వయసూ షుగరూ కలిసి ఒళ్ళు నీరసించాక లేచింది. ఊపిరితిత్తుల్లోకి వచ్చాక దగ్గిన ప్రతిసారీ గాల్లోకి. మూసిన గదిలో రాత్రంతా పక్కపక్కనే ఉంటే ఆవైనా మనిషైనా ఒకటే. ఏ రకమో ఖాయంగా తెలియడానికి కొన్ని వారాలు పడుతుందన్నాడు. మందు తొమ్మిది నెలలు, ఒక్కపూట కూడా మానకూడదు. కళ్ళె శుభ్రమయ్యాక మళ్ళీ ఆవుల దగ్గరికి వెళ్ళొచ్చు. డెయిరీలో పనిచేసేవాళ్ళందర్నీ, నన్నూ, మా అమ్మనీ పరీక్షకి రమ్మన్నాడు. మాకెవరికీ లేదు.

ఆయనకి ఈ సంగతి ఎలా చెప్పాలా అని నేను కొట్టుమిట్టాడుతుంటే అమ్మ దారి చూపించింది. "ఆవులే అంటించాయని చెప్పు. సగం నిజమేగా. మిగతా సగం వాడికెందుకు?" అంది. సగం నిజం ఎంత హాయైనదో ఆ రోజు తెలిసింది. అలాగే చెప్పి, ఇంక ఆ గదిలో పడుకోవద్దన్నాను.

మావయ్య నవ్వాడు. ఇన్నేళ్ళు వాటి పాలు తాగాను, ఆ మాత్రం హక్కు వాటికి లేదా అన్నాడు. నాకు తేలిగ్గా అనిపించింది. గురువారం పొద్దున వాపులు కొలవడానికి వెళ్ళేసరికి ఆయన మంచం ఇంకా కొత్తగదిలోనే ఉంది. పక్కన అలక పడుకుని నెమరేస్తోంది.

అలక గురించి చెప్పాలి. అదీ తల్లిలేని దూడే, పుట్టిన రోజే తల్లి పోయింది. మావయ్య సీసాతో పాలు పట్టి పెంచాడు. ఆయన ఒక పూట ఆలస్యంగా వస్తే గోడ వైపు తిరిగి నిలబడేది, అందుకని ఆ పేరు. పెయ్య అయ్యాక మందలో కలిపినా, రాత్రయితే వచ్చి ఆ గది తలుపు దగ్గరే నిలబడేది.

ఇదేంటని నేను కేకలేస్తే ఆయన చాలా మామూలుగా, నాకెలాగూ వచ్చేసింది కదా, ఇంక వీటి దగ్గర పడుకుంటే కొత్తగా పోయేదేముంది, అన్నాడు. నా సగం నిజం అక్కడిదాకా తీసుకొచ్చింది. ఆయన్ని ఆరుబయటికి పిలిచి, మాస్క్ కట్టుకుని, మిగతా సగం కూడా చెప్పేశాను. ఏడు ఆవులకీ నీ దగ్గర్నుంచే వచ్చింది మావయ్యా అన్నాను. మంచం అక్కడ వేయించింది నేనని కూడా చెప్పాను.

ఆయన ఏడవలేదు. ఒక్కటే అడిగాడు. "గాలి ఎంత దూరం పోతుందే?"

మూసిన గదిలో అయితే గదంతా, ఆరుబయట అయితే రెండు బారలు దాటదని చెప్పాను. ఆయన లేచి నా నుంచి మూడు బారలు వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. దగ్గు వచ్చింది. తువ్వాలు మొత్తం నోటికి కుక్కుకుని అటు తిరిగి దగ్గాడు. నాకు ఏడుపొచ్చింది.

ఆ రోజు కొలతల్లో యాభై రెండు ఆవులకి వాపు లేదు. అలకకి ఉంది.

బండి రావడానికి మూడు వారాలు పడుతుందన్నారు. మాస్టారు మావయ్యని వెళ్ళిపొమ్మనలేదు. పొలం చివర మోటారు షెడ్డు ఖాళీ చేయించి, కిటికీలు తీయించి మంచం వేయించారు. మావయ్యకి ఇంక కావలసింది ఒక్కటే, కళ్ళె శుభ్రమై మళ్ళీ మందలోకి రావడం. ఆయనెప్పుడొస్తే అప్పుడు ఆయన పని ఆయనదేనని మాస్టారు మాటిచ్చారు. అలకని కూడా మంద నుంచి వేరుచేసి ఆ షెడ్డు పక్కనే కంచె అవతల కట్టాం. ఇద్దరికీ ఒకరి నుంచి ఒకరికి కొత్తగా అంటుకునేదేమీ లేదు కదా, ఆ మూడు వారాలైనా కళ్ళెదురుగా ఉండనీ అనుకున్నాను. డాక్టర్ మాత్రలు నా చేతికిచ్చి, రోజూ ఎదురుగా నిలబడి మింగించమన్నాడు. నాకు తీరేదెక్కడ? మాత్రలు ఆయన దగ్గరే వదిలేసి, పొద్దున్నే ఫోన్ చేసి, వేసుకున్నావా అనేదాన్ని. వేసుకున్నానమ్మా అనేవాడు. మావయ్య నాతో ఏనాడూ అబద్ధమాడలేదు.

జబ్బు ఆవుల రకమేనని ఈలోపు ల్యాబ్ నుంచి ఉత్తరం వచ్చింది. డాక్టర్ అనుకున్నదే. మొదట ఏ ఆవు ఇచ్చిందో, అది ఏనాడు పోయిందో ఎవరికి తెలుసు.

బండి వచ్చిన రోజు అలక గొడవేమీ చెయ్యలేదు. మెట్టు ఎక్కేముందు మాత్రం ఆగి, షెడ్డు వైపు తల తిప్పి చూసింది. మావయ్య దూరంగా, గాలి అటువైపు వీచని చోట నిలబడి ఉన్నాడు. పిలవలేదు. బండి మలుపు తిరిగాక కూలబడి, తెల్ల తువ్వాలు ముఖానికి అద్దుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. నేను కాస్త ఎడంగా నిలబడ్డాను. నాకూ కళ్ళు మసకబారాయి. అయినా ఆయన తువ్వాలు దించగానే నా చూపు దాని మీద పడింది.

తువ్వాలు తెల్లగానే ఉంది. తడిసింది, అంతే.

ఆ మాత్రలు వేసుకునేవాళ్ళకి ఒంట్లోంచి వచ్చే నీళ్ళన్నీ నారింజ రంగులో వస్తాయి. మూత్రం, చెమట, కన్నీళ్ళు కూడా. మూడు వారాలు మింగిన మనిషి అంతసేపు ఏడిస్తే తువ్వాలు అలా ఉండదు.

"మాత్రలేం చేశావ్ మావయ్యా?" అన్నాను.

ఆయన తప్పించుకోవాలని చూడలేదు. తవుడు ముద్దలో పెట్టి అలకకి పెట్టానన్నాడు. రోజూ, ఒక్కటి కూడా దాచుకోకుండా. నాకు తిట్లు నాలుక చివరిదాకా వచ్చాయి. మనిషి మోతాదు అంత పశువుకి ఏ మూలకి చాలుతుంది, ఆ మాత్రం తెలియదా అని అరిచాను.

"తెలుసే. దాని బరువు నాకు తెలీదా?" అన్నాడు. "అంటించింది నేను. నాకేమో మందు, దానికేమో బండి. ఆ మాత్ర నోట్లో పెట్టుకుంటే గొంతు దిగలేదు."

  నాకు తెలిసింది నేను చెప్పాను. ఇలా మానేస్తూ పోతే జబ్బు ముదురుతుంది, వేసుకుంటూ మానుతూ ఉంటే మొండికెత్తి ఏ మందుకీ లొంగదు, అప్పుడు ఆయన మళ్ళీ పాకలోకి అడుగుపెట్టే రోజంటూ ఉండదు. యాభై రెండూ ఇంకొకరి చేతిలోకి పోతాయి. వాటి కోసమైనా మింగమన్నాను. కోపంగా చెప్పాలనుకున్నాను గానీ బతిమాలినట్టే వచ్చింది.

ఆయన అలక వెళ్ళిన దారి వైపు ఒకసారి చూశాడు. తర్వాత షెడ్డులోకి వెళ్ళి, ఆనాటి మాత్రలూ గ్లాసూ తెచ్చుకుని, మూడు బారల దూరంలో నిలబడి, నేను చూస్తుండగా ఒక్కొక్కటే మింగాడు. నోరు తెరిచి, నాలుక పైకెత్తి చూపించాడు.

"రేపట్నుంచి ఫోన్ చెయ్యకు. నువ్వే వచ్చి చూడు," అన్నాడు. "నన్ను నమ్మకమ్మాయ్. అందరూ నన్ను నమ్మే ఎనిమిదింటిని పోగొట్టుకున్నారు."

మర్నాడు ఆరింటికి నేను వెళ్ళేసరికి ఆయన చేతిలో మాత్రలు పట్టుకుని షెడ్డు బయట నిలబడి ఉన్నాడు.