గోడ అవతలి సినిమా

గోడలకు చెవులుంటాయంటారు. టికెట్టమ్మకు తెలిసిన గోడకు మాత్రం గొంతుండేది.

అది సినిమా హాల్లో తెర పక్కనున్న గోడ. దానికి ఇవతల ముందు బెంచీల టికెట్లు అమ్మే చిన్న గది. అందులో ఒక స్టూలు, చెక్క బల్ల, చెయ్యి పట్టేంత కంత ఉన్న కిటికీ. పెళ్ళయిన కొత్తలో ఆ స్టూలు మీద కూర్చున్న మనిషి జుట్టు నెరిసేదాకా అక్కడే కూర్చుంది. ఆమె అసలు పేరు ఇంట్లోవాళ్ళు కూడా కాస్త ఆలోచించి చెప్పాలి. వీధి వీధంతా టికెట్టమ్మ అనే పిలిచేది. పని మానేసి ఇన్నేళ్ళయినా ఇప్పటికీ అలాగే పిలుస్తుంది.

చిత్రమేమిటంటే, ఊరందరికీ సినిమా చూపించిన టికెట్టమ్మ ఒక్క సినిమా కూడా చూడలేదు. ఆట మొదలయ్యాక కూడా, ఆలస్యంగా పరుగెత్తుకొచ్చేవాళ్ళ కోసం కిటికీ తెరిచి ఉంచాలి. ఆ తరువాత మిగిలిన టికెట్లు మేనేజరుకు అప్పజెప్పాలి. అదయ్యేసరికి లోపల కథ కంచికి చేరుతుండేది. "తోక చూసి ఏనుగును చూశానని చెప్పుకోనా?" అని ఆమె లోపలికి అడుగు పెట్టేది కాదు. సెలవు రోజు వస్తే గుట్టగా పడున్న బట్టలు ఆమెకోసమే కాచుకుని ఉండేవి.

వినడానికి మాత్రం సెలవు అక్కర్లేదు కదా. తెర వెనక స్పీకర్లు ఆ గోడకు ఆనుకునే ఉండేవి. మాటలు గోడ దాటేసరికి కుండలో మూతి పెట్టి గొణిగినట్టయ్యేవి. సంగీతం మాత్రం గోడనే తోడు తెచ్చుకున్నట్టు హాయిగా వచ్చేసేది. అందులోనూ మాస్టారి సంగీతం. ఆ సంగీత దర్శకుణ్ణి హాల్లో అందరూ మాస్టారనే అనేవారు. ఆయన పాటలు అందరి నోళ్ళలోనూ నానేవి. పాట లేనప్పుడు, ఎవరో నడుస్తున్నప్పుడు, ఊరికే కిటికీలోంచి చూస్తున్నప్పుడు, వెనకాల మెల్లగా మోగే సంగీతాన్ని ఎవరూ పట్టించుకునేవారు కాదు. టికెట్టమ్మకు అదే సినిమా. వేణువు ఒక్కటే వినిపిస్తే ఎవరో ఒంటరిగా ఉన్నట్టు. వయొలిన్లు గుంపుగా లేస్తే వాన వచ్చినట్టు. డప్పులు మోగితే, "వచ్చాడు దొంగసచ్చినోడు" అని గొణుక్కుంటూ టికెట్టు చింపి ఇచ్చేది. అవతలివాడు తననే అన్నదనుకుని బిత్తరపోయేవాడు.

అలా విని విని, ఒక్కో సినిమాకు ఒక్కో కథ అల్లుకుంది. వాటిలో ఒకటి ఆమె ప్రాణం. ఆ సినిమా ఒక వర్షాకాలమంతా ఆడింది. సగం దాటాక అందులో ఒక వేణువు రాగం మొదలవుతుంది. నాలుగడుగులు వేసినట్టు సాగి ఆగిపోతుంది. కాసేపు ఏమీ వినిపించదు. మళ్ళీ సాగుతుంది, మళ్ళీ ఆగుతుంది. చివరికి ఒకచోట ఆగి, ఇక కదలదు.

ఆగినప్పుడల్లా ఏం జరుగుతుంది? టికెట్టమ్మ చాలా రోజులు ఆలోచించింది. ఆఖరికి ఆమెకు కనిపించింది. ఒకమ్మాయి అమ్మతో మాటా మాటా పెరిగి, పెట్టె పట్టుకుని ఇల్లు వదిలి వెళ్ళిపోతోంది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి చూస్తుంది. అమ్మ పిలవలేదు. మళ్ళీ నడుస్తుంది, మళ్ళీ చూస్తుంది. రాగం ఇక కదలని చోట ఇంటి తలుపు తెరుచుకుంటుంది.

కూతురు అలిగినప్పుడల్లా ఈ కథ చెప్పి అన్నం తినిపించింది. ఇప్పుడు మనవరాలికి చెబుతోంది. మనవరాలు పదో తరగతి. నలుగురిలో నోరు విప్పదు, గొంతు కూడా సన్నం, అందుకే పిట్ట అంటారు. బళ్ళో ఎవరైనా ఏమైనా అంటే ఇంటికొచ్చి అమ్మమ్మ పక్కన చేరి, "ఆ పెట్టె అమ్మాయి కథ చెప్పవా" అంటుంది. అమ్మమ్మ ముందు ఆ రాగం కూనిరాగం తీసి, ఆగాల్సిన చోట ఆగి, అప్పుడు చెబుతుంది.

ఒకరోజు సాయంత్రం హాల్లో పనిచేసే ఆపరేటరు ఇంటికొచ్చాడు. ఏళ్ళ తరబడి పైగదిలోంచి బొమ్మ వేసినవాడు. టికెట్టమ్మకు తమ్ముడి వరస.

"అక్కా, మాస్టారి పాత సినిమాలు వేస్తున్నారు వారం రోజులు. ఆదివారం మధ్యాహ్నం ఆట నీదే. వేణువు సినిమా" అని రెండు పాసులు బల్ల మీద పెట్టాడు.

"నాకెందుకురా. పిల్లలకివ్వు."

కుట్టుమిషను దగ్గర కూర్చున్న కూతురు నవ్వింది. "రాదులే మామయ్యా. వస్తే ఆ సినిమాలో అమ్మాయీ లేదు, పెట్టే లేదని తెలిసిపోదూ?"

"నువ్వు నోరు మూసుకుని జాకెట్టు కుట్టు" అంది టికెట్టమ్మ రెండు చెవులూ మూసుకుని. కూతురు చిన్నప్పుడు ఆ సినిమా చూసొచ్చి అసలు కథ చెప్పబోతే కూడా ఇలాగే చెవులు మూసుకుంది. "నీ సినిమా నీది, నా సినిమా నాది."

"అమ్మమ్మా, ఒక్కసారి చూస్తే ఏమవుతుంది?" అని పిట్ట అడిగింది.

టికెట్టమ్మ చెవుల మీంచి చేతులు తీసింది. "చూస్తే అదే కళ్ళల్లో ఉండిపోతుందే. నాది పోతుంది. పోయాక మళ్ళీ తెచ్చుకోడానికి అదేమన్నా కొట్లో దొరుకుతుందా?"

అది విని కూతురు మిషను ఆపేసింది. ఆపరేటరు లేచి చెప్పులు వేసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, "సరేలే. కానీ అక్కా, అంత ఇష్టమైన సంగీతం, నువ్వింతవరకూ గోడ అడ్డం లేకుండా వినలేదు" అన్నాడు.

ఆ ఒక్క మాట టికెట్టమ్మకు ముల్లులా గుచ్చుకుంది. రెండు రోజులు ఆ పాసులు చేతిలోకి తీసుకోవడం, మళ్ళీ బల్ల మీదే పెట్టడం. ఆదివారం పొద్దున్నే తల దువ్వుకుంటూ, "పిట్టా, వెళ్దాం. నేను కళ్ళు మూసుకుని కూర్చుంటా. నువ్వు మాత్రం అక్కడేం కనిపించిందో నాకు చెప్పకూడదు" అంది.

"సినిమాకు వెళ్ళి కళ్ళు మూసుకోవడమా? చెరువుకెళ్ళి కాళ్ళు తడవకుండా రావడమా?" అంది కూతురు. అయినా మంచి చీర తీసి ఇస్త్రీ చేసి ఇచ్చింది.

హాల్లో అడుగుపెట్టగానే టికెట్టమ్మ కాళ్ళు అలవాటుగా పక్కనున్న చిన్న గది వైపు తిరిగాయి. దాని కిటికీకి మేకులు కొట్టేశారు. పిట్ట చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. దీపాలు ఆరాయి. టికెట్టమ్మ కొంగు కళ్ళ మీద కప్పుకుంది. పక్క సీటాయన, "ఒంట్లో బాగాలేదా అమ్మా?" అనడిగాడు. "బాగానే ఉంది నాయనా, సినిమా వింటున్నా" అంది.

సంగీతం మొదలైంది. గోడకు అవతల ఇంత ఉందా అనిపించింది ఆమెకు. ఇన్నాళ్ళూ మూత పెట్టిన గిన్నెలోంచి వాసన పీల్చి కడుపు నింపుకున్నట్టయింది. ఆమె కొంగు కింద తల ఊపుతూ ఉంది.

సగం దాటాక ఆ వేణువు వచ్చింది. నాలుగడుగులు సాగి ఆగింది. టికెట్టమ్మ తన పెట్టె అమ్మాయి కోసం ఎదురుచూసింది. కానీ ఆ ఆగిన చోట ఖాళీ లేదు. చిన్న గంట మోగింది, ఘల్లుమని, ఒకే ఒకసారి. వేణువు మళ్ళీ సాగి ఆగింది. మళ్ళీ గంట. ఇన్నేళ్ళూ ఆ గోడ ఆ గంటను మింగేసింది.

నిశ్శబ్దం అనుకున్న చోట గంట ఉంటే, ఆ గంట ఎవరిది? టికెట్టమ్మ పెదవి కొరుక్కుంది. మూడోసారి గంట మోగేసరికి ఇక ఆగలేక కొంగు తీసేసింది.

తెర మీద వాన. వీధిలో ఒక ముసలి గుర్రం బండి లాక్కుంటూ వస్తోంది. బండి మీద పాల క్యాన్లున్నాయి, తోలేవాడు లేడు. రోజూ పాలు పోసే ఇల్లు రాగానే గుర్రం తనంతట తానే ఆగుతోంది. దిగాల్సిన మనిషి కోసం చూసి, తల విదిలిస్తోంది. మెడలో గంట ఘల్లుమంటోంది. ఎవరూ దిగకపోతే మళ్ళీ నడుస్తోంది. చివరికి యజమాని ఇంటి ముందు ఆగింది. వేణువు ఆగింది. గుర్రం తడుస్తూ నిలబడింది. తలుపు మూసి ఉంది.

"ఎవరన్నా తలుపు తియ్యండమ్మా" అంది టికెట్టమ్మ. చిన్నగానే అన్నాననుకుంది. ముందు రెండు వరసలవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ఎవరూ నవ్వలేదు.

తలుపు తెరుచుకోలేదు. తెర మీద బొమ్మ మారిపోయింది. ఎవరో కొట్లాడుకుంటున్నారు.

ఆట వదిలాక ఇద్దరూ కొంతదూరం నడిచారు. పిట్టకు భయంగా ఉంది. అమ్మమ్మ సినిమా పోయిందేమో.

"నువ్వు కళ్ళు తెరిచావు కదూ?" అనడిగింది మెల్లగా.

"తెరిచా. నువ్వు చూశావా, ఎలా ఉందో ఆ..."

"నేను చూళ్ళేదు. ఆ రాగం రాగానే నేను కళ్ళు మూసుకున్నా."

టికెట్టమ్మ నడిరోడ్డు మీద ఆగిపోయింది. "నువ్వెందుకే మూసుకున్నావు?"

"నాదీ పోతుందని." పిట్ట చెవులు ఎర్రబడ్డాయి. "గంట మాత్రం వినిపించింది. ఆ అమ్మాయి పెట్టెకు గంట ఎవరు కట్టారా అనుకున్నా."

టికెట్టమ్మ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ, పక్కనున్న మూసిన కొట్టు అరుగు మీద కూలబడి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. పిట్ట కూడా పక్కన కూర్చుంది.

"వాళ్ళు బాగానే తీశారే, కాదనను" అంది కాసేపయ్యాక. "కానీ అంతదూరం వచ్చినదాన్ని వానలో గుమ్మం ముందు వదిలేసి పోయారు. ఇదేం పద్ధతి?"

"ఎవర్ని వదిలేశారు?"

టికెట్టమ్మ గొంతు సవరించుకుని కూనిరాగం తీసింది. ఆగాల్సిన చోట ఆగింది. ఈసారి ఆ ఖాళీలో నాలుకతో చిన్నగా గంట మోగించింది. చివరి ఆగుడు దాకా అలాగే వచ్చి చెప్పడం మొదలుపెట్టింది.

"ఒక ముసలి గుర్రం..."

"గుర్రమా? మరి పెట్టె అమ్మాయో?"

"ఎక్కడికి పోతుంది? అమ్మ దగ్గర లోపలే ఉంది" అంది టికెట్టమ్మ. "గంట విని లేచింది. తలుపు తీస్తోంది చూడు."

పిట్ట కళ్ళు మూసుకుంది.