నల్లగుట్ట గనిలోకి దించిన దీపం

అంబాబాయికి గండాల మీద ఉన్న నమ్మకం మొగుడి తెలివి మీద ఏనాడూ లేదు. మంత్రాలయంలో ఒక ముసలి ఆచార్యులు జాతకం చూసి, చక్రపాణికి దీపావళి దాకా ప్రాణగండం ఉందని చెప్పిన రోజు నుంచి ఆయన్ని ఒంటరిగా వీధి చివరికైనా పంపలేదు. రాఘవేంద్రస్వామికి నలభై ఎనిమిది రోజుల అఖండదీపం మొక్కుకుంది. రాత్రిళ్లు లేచి లేచి నెయ్యి పోస్తూ, దాన్ని ఆరనివ్వకుండా నలభై రోజులు లాక్కొచ్చింది.

చక్రపాణి ఆదోని హైస్కూల్లో చరిత్ర మాస్టరు. తుగ్గలి అవతల నల్లగుట్టలో దొరలు బంగారం కోసం తవ్వి వదిలేసిన గనిని ఒక్కసారి దిగి చూడాలని ఇరవై ఏళ్లుగా అంటూనే ఉన్నాడు. ఆ ఏడు, అంటే డెబ్బై ఏడులో, దాని నోరు పూడ్చేయబోతున్నారని తెలిసి ఇక ఆగలేకపోయాడు. అంబాబాయి ఏడ్చింది, అలిగింది, ఒక పూట వంట మానేసింది. ఏదీ పారకపోయేసరికి దీపాన్ని పక్కింటి భీమాబాయికి అప్పగించి తానూ బయలుదేరింది.

"నేను పక్కనుంటే గండం కూడా జంకుతుంది లెండి," అంది.

గుంతకల్లులో రైలు మారి, తుగ్గలిలో దిగి, మద్దిలేటి అనేవాడి ఎద్దులబండి ఎక్కి, పదిగంటల ఎండలో గుట్టకు చేరారు.

గని నోరు చేదబావిలాగే ఉంది. గోడకు బిగించిన ఇనుప నిచ్చెన నాలుగు మెట్లు కనబడి, ఆ తరువాత చీకట్లో కలిసిపోయింది. గుట్టంతా గొర్రెలు మేస్తున్నాయి గానీ ఆ నోటి చుట్టూ ఉన్న పచ్చగడ్డిని ఒక్కటీ ముట్టడం లేదు. అది చూసి అంబాబాయి చేతులు జోడించి స్వామికి మొక్కుకుంది.

గని చూపించే మనిషి యేసేపు. అరవై దాటినవాడు, తండ్రి ఇదే గనిలో పనిచేశాడు. చూడడానికి ఎవరొచ్చినా యేసేపు చేసే మొదటి పని ఒకటే. రేకు డబ్బాలో ఆముదం ప్రమిద వెలిగించి, తాడు కట్టి అడుగు దాకా దించుతాడు. అది వెలుగుతూ నిలిస్తేనే మనుషుల్ని దిగనిస్తాడు. ఆ రోజూ దించాడు. డబ్బా సగం దూరం పోయిందో లేదో, మంట ముడుచుకుపోయి, ఎవరో వేళ్లతో నలిపినట్టు ఆరిపోయింది.

అంబాబాయి గుండెలు బాదుకుంది.

"వాన పడి పది దినాలాయ కద సామీ," అన్నాడు యేసేపు డబ్బా పైకి లాగుతూ. "అడుగున ఆకు కుళ్లి గాలి సెడిపోయింటాది. ఇంగొకతూరి దించి సూస్తా. నిలవకుంటే ఈ పొద్దు దిగేది వద్దు."

అతను అగ్గిపుల్ల గీయబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "మొక్కులో ఉన్నదాన్ని. నా ఎదుట దీపం కొండెక్కిస్తావేమప్పా? ఇంకోసారి ఆరిందంటే నేను ఈడనే చస్తాను."

"అమ్మా, ఇది పూజ దీపం కాదు. గాలిని సూసే దీపం."

"ఏ దీపమైనా దీపమే!"

చక్రపాణికి నవ్వూ వచ్చింది, విసుగూ వచ్చింది. సంచిలోంచి మూడు సెల్లుల టార్చిలైటు తీశాడు. "దీన్ని దించు యేసేపూ. ఇది ఆరేదీ లేదు, ఈమె ఏడ్చేదీ లేదు."

"దానికి గాలితో ఏం పని సామీ? గాలి సెడినా అది ఎలుగుతాది."

"పోయిన నెల ఇరవై మంది దిగినారని నువ్వే చెప్తివి కదా. ఐదు నిమిషాల్లో చూసి వచ్చేస్తాను."

పెద్దమనిషి మాట తీసేయలేక యేసేపు మొహం మాడ్చుకుని టార్చి దించాడు. అది అడుగు దాకా తెల్లగా వెలుగుతూ పోయి, తడిరాతి మీద నిలిచింది. అంబాబాయికి పోయిన ప్రాణం లేచొచ్చింది.

"చూడండి, ఎంత చక్కగా పోయిందో! శకునం మారింది. ఇంక వెళ్లిరండి," అంది.

ఆ మాట అన్నది ఆమే. తరువాత ఎంతమంది ఎన్ని విధాల ఓదార్చినా, దాన్ని ఆమె ఎవరి మీదికీ తోయలేదు.

"నేను రాను సామీ. మీరూ దిగొద్దు," అంటూనే ఉన్నాడు యేసేపు. చక్రపాణి పంచె ఎగగట్టి నిచ్చెన దిగిపోయాడు. అడుగున టార్చి విప్పుకున్నాడు, తాడు ఖాళీగా ఊగింది.

"అంబా! ఉలి దెబ్బలు నిన్న కొట్టినట్టున్నాయి!" కింది నుంచి ఆయన గొంతు క్లాసులో లాగే ఖంగున వచ్చింది. కాసేపటికి, "ఎవరో పేరు చెక్కినారు," అన్నాడు. మళ్లీ, "ఎవరో పేరు చెక్కినారు," అన్నాడు. మూడోసారి అదే మాట నిద్రమత్తులో ఉన్నట్టు సాగదీసి, సగంలో ఆపేశాడు.

ఆమె పిలిచింది. గని ఆమె గొంతునే తిరిగి ఇచ్చింది. కింద టార్చి వెలుగు మాత్రం గోడ మీద ఒకేచోట, కదలకుండా ఉంది.

"వెలుగుతోంది కదా యేసేపూ! వెలుగుతోంది కదా!"

ఆమె నిచ్చెన మీద కాలు పెట్టబోతే యేసేపు రెక్క పట్టి వెనక్కి లాగాడు. బ్రాహ్మల ఇంటి ఆడమనిషిని అతను తాకడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. "మీరు దిగితే ఇద్దరైతారు తల్లీ! మద్దిలేటీ, యాపకొమ్మలు ఇరుసుకరా!"

తాడుకు కొమ్మలు కట్టి, నీళ్లు చేదినట్టు దించడం, లాగడం మొదలుపెట్టారు. చెడ్డగాలిని కదిలించే దారి వాళ్లకు అదొక్కటే తెలుసు. చేతులు ఖాళీ లేక యేసేపు అగ్గిపెట్టె ఆమె ముందుకు తోశాడు. "దీపం మీరు ఎలిగించల్లమ్మా. అది నిలిచినాకనే నేను దిగేది."

ఆమె వెలిగించింది. దించారు. ఆరింది. మళ్లీ కొమ్మలు, మళ్లీ దీపం. ఆరింది. ఒక్కో మంట ముడుచుకుపోతున్నప్పుడల్లా ఆమె లోపల ఏదో తెగుతోంది. అయినా కళ్లు తిప్పుకోలేదు, దేవుణ్ణి తలుచుకోలేదు, లెక్కా పెట్టలేదు. పొద్దు నడినెత్తి మీదికి వచ్చిన వేళకు ఒక దీపం అడుగు దాకా పోయి, సన్నగా వణికి, నిలబడింది.

యేసేపు బండిమోకు నడుముకు కట్టుకుని దిగాడు. తరువాత అతని గొంతు వచ్చింది, ఆమెను ఉద్దేశించి కాదు.

"మద్దిలేటీ, మోకు సామికి కట్టినా. ముందు అమ్మను బండి కాడికి తోడుకోని పో. ఆ పైన లాగుదువు."

అంబాబాయి కదల్లేదు. కొంగు నడుముకు దోపి, మద్దిలేటి పక్కన నిలబడి మోకు పట్టుకుంది. ఇద్దరూ లాగసాగారు. ముప్పై ఏళ్లు ఆయనకు వడ్డించిన చేతులకు, ఆయన ఇంత బరువుంటాడని అంతవరకూ తెలియదు.