తోక లేని గుడ్డ

మేస్త్రికి కన్నవాళ్లు పెట్టిన పేరు వేరే ఉంది గాని, ఆ పేరుతో పిలిస్తే ఆయనే పలకడు. అందరికీ ఆయన తోక మేస్త్రి. గాలితో చల్లబడే పాతకాలం కారు ఇంజన్ల విషయంలో ముప్పై ఏళ్లుగా ఆయన మాటకి తిరుగులేదు. ఇంజను విప్పినప్పుడు బోల్టులూ వాషర్లూ లోపల పడకుండా కన్నాల్లో గుడ్డలు కుక్కుతారు. కుక్కిన ప్రతి గుడ్డకీ జానెడు తోక బయటికి వేలాడాలి, లేకపోతే బిగించేటప్పుడు అది లోపలే ఉండిపోతుంది. ఆయన షెడ్డులో పని నేర్చుకున్నవాళ్లంతా "తోకేదిరా?" అన్న కేకకి ఎప్పుడో ఒకప్పుడు ఉలిక్కిపడినవాళ్లే. ఆ కేకే ఆయనకి పేరైంది.

మంగళవారం పొద్దున ఆయన బల్ల మీద బావ కారు ఇంజను ఉంది. బావ అంటే అక్క మొగుడు. ఆ కారు పదకొండేళ్లుగా వాళ్లింటి పక్క రేకుల పాకలో టార్పాలిన్ కప్పుకుని పడుంది.

ఆ పదకొండేళ్ల కిందట ఆ ఇంజను విప్పి కొత్తగా చేసిచ్చింది కూడా మేస్త్రే. వారం తిరక్కుండా బావ కొండదారిలో వెళ్తుంటే, నీళ్ల ట్యాంకు మలుపు దాటాక ఇంజను పట్టేసింది. లారీ వెనక కట్టి తెచ్చిన కారు చుట్టూ మేస్త్రి ఒక్కసారి తిరిగాడు. పుల్లీకి పానా వేసి తిప్పబోతే కదల్లేదు. ఇంజను దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు. ఒక్క బోల్టు విప్పకుండానే తీర్పు చెప్పేశాడు.

"మూడో సిలిండరు కాలింది. ఎత్తు మీద నాలుగో గేరులోనే ఈడ్చుకుపోయావు బావా. ఇంజను మెల్లగా తిరిగితే ఫ్యానూ మెల్లగానే తిరుగుతుంది. ఇంక గాలెక్కడిది?"

మలుపు దగ్గరే మూడోలోకి మార్చానని బావ రెండుసార్లు చెప్పాడు. మేస్త్రి నవ్వాడు. బావకి కోపం వచ్చి కారుని అలాగే ఇంటికి లాక్కుపోయాడు. కోపం నెల రోజుల్లో పోయింది గాని మాట మాత్రం మిగిలింది. ఇంట్లో నలుగురు చేరినప్పుడల్లా మేస్త్రి బావని "నాలుగో గేరు" అని పిలిచేవాడు. బావామరుదుల వేళాకోళం కాబట్టి ఎవరూ తప్పు పట్టలేదు. బావ కూడా నవ్వేవాడు. కాకపోతే ఆ తర్వాత మళ్లీ ఏ కారు స్టీరింగూ పట్టుకోలేదు. ఉద్యోగం అయిపోయేదాకా బస్సులోనే తిరిగాడు.

ఇప్పుడా కారుని రోడ్డెక్కించాలని పట్టుబట్టింది మేనకోడలు. బడిలో సైన్సు టీచరు. ఏ పనైనా మొదలుపెడితే అంతు చూసేదాకా వదలదు, అక్క పోలిక. సిలిండర్లూ పిస్టన్లూ కొత్తవి తెప్పించింది. వాటితో పాటు ఒక ఫ్యాన్ తొడుగు కూడా తెప్పించి, అట్టపెట్టెలోంచి తీసి బల్ల మీద పెట్టింది. ఇంజను నెత్తిన కూర్చుని, ఫ్యాను తోలిన గాలిని నాలుగు సిలిండర్ల మీదికీ మళ్లించే రేకు తొడుగు అది. కొత్తది నిలువెల్లా క్రోమియం పూతతో తళతళలాడుతోంది. పక్కన ఇంజను మీంచి అప్పుడే విప్పిన పాతది నల్లగా, ఒక పక్క సొట్టపడి, తుప్పు చారలతో ఉంది.

"ఏది పెడదాం మావయ్యా?" అంది.

మేస్త్రికి ఇలాంటి ప్రశ్నంటే పండగే. కొత్తదాన్ని బోర్లించి లోపల చెయ్యి ఆడించాడు.

"పైన పటారం, లోన లొటారం. చూడు, లోపల గాలిని పంచే రెక్కల్లేవు. ఉత్త డొల్ల. పైగా ఈ పూత వేడిని పోనివ్వదు. మూడో సిలిండరు అసలే గాలికి కరువు, నూనె చల్లబడే జాలీ దానికి అడ్డంగా కూర్చుంటుంది. దీన్ని పెడితే మళ్లీ అదే కాలుతుంది. పాతదాన్ని కడిగి, సొట్ట తీసి పెట్టుకుందాం. మీ నాన్న కాల్చిందాన్ని నువ్వూ కాల్చకు."

అంటూనే పాతదాన్ని తిరగేసి లోపలికి చెయ్యి పెట్టాడు. ఎడమవైపు, సరిగ్గా ఆ జాలీ ఇమిడే చోట, రెక్కల మధ్య ఏదో అట్టకట్టుకుపోయి ఉంది. వేళ్లతో పీకితే పెళపెళమంటూ ఊడొచ్చింది. అంచులు బొగ్గైపోయాయి, మధ్యలో అరచేతి మేర మిగిలింది. పసుపు గళ్ల గుడ్డ.

ఆ గళ్లు ఆయనకి తెలుసు. ఇంజను చేసిన ఆ వారంలోనే అక్క వంటింటి కర్టెన్లు మార్చి, పాతవాటిని చేతిరుమాళ్లంత ముక్కలుగా చింపి, తమ్ముడికి పనికొస్తాయని ఒక సంచీ నిండా పంపింది. చిన్న ముక్కలు. వాటికి తోక మిగలదు.

"ఏమిటది?" అంది మేనకోడలు.

"ఎలుక గూడు," అన్నాడు మేస్త్రి. నోరు ఆయన్ని అడక్కుండానే ఆ మాట అనేసింది.

"పసుపు గళ్లా? ఎలుకలకి మంచి అభిరుచే ఉంది." ఆమె నవ్వింది. "నాన్నకి చెప్పాలి, మన కారులో కాపురాలు కూడా జరిగాయని. అన్నట్టు, బాగయ్యాక ముందు సీట్లో ఆయన్నే కూర్చోబెడదామంటే వెనక సీటే చాలన్నారు. ముందు కూర్చుంటే కాలు ఊరుకోదట, మళ్లీ ఏదో ఒకటి పాడుచేస్తానన్నారు."

మేస్త్రి గుడ్డని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తొడుగు లోపల గోడ మీద మాడిన నూనెలో ఆ గుడ్డ నేత అచ్చుగుద్దినట్టు కనిపిస్తోంది. దాన్ని బోర్లించేశాడు.

"కొత్తదే పెడదాంలే," అన్నాడు.

"ఇప్పుడేగా పైన పటారం అన్నారు?"

"ఇది బాగా తుప్పు పట్టింది. పారేద్దాం."

ఆమె ఆయన మొహంలోకి చూసింది. అడగదలుచుకుంది గాని బడికి వేళవుతోంది. "మీకు తెలియందేముంది," అని వెళ్లిపోయింది. ఆ మాట మామూలు రోజైతే మేస్త్రికి కాఫీ తాగినంత సుఖంగా ఉండేది.

బుధవారం కొత్త పిస్టన్లు ఎక్కించాడు. గురువారం కొత్త తొడుగు పట్టుకున్నాడు. దాని కన్నాలు ఇంజను కన్నాలతో కలవలేదు. ఆకురాయితో రాసి రాసి పెద్దవి చేశాడు. ఇంకొకరు ఈ పని చేస్తే పానా విసిరేసేవాడే. కావాలంటే పాతదాన్ని గంట సేపట్లో గీకి, ఎవరికీ తెలియకుండా పెట్టెయ్యొచ్చు. కాని దాన్ని తిరగేసి ఆ అచ్చు మళ్లీ చూడటానికి చేతులు రాలేదు. దానికన్నా ఒక సిలిండరు కాలినా ఫరవాలేదనుకుంటున్నట్టు ఆయనకే అర్థమైంది. అది కూడా ఎవరి కారు? మేనకోడలిది. కాలితే ఏమంటారు? తండ్రి పోలికంటారు. మొదట అనేది తనే.

రాసిన ఇనప రజను లోపల పడకుండా అలవాటు చొప్పున ఒక గుడ్డ తీసి కన్నంలో కుక్కాడు. జానెడు తోక బయటికి వదిలాడు. ఆ తోకని చూస్తూ ఉండిపోయాడు. సిగ్గేసింది. ముప్పై ఏళ్లలో ఎంతమందిని తిట్టాడో లెక్కలేదు. తిట్లు తిన్నవాళ్లెవరూ చెయ్యని తప్పు తను చేశాడు. చేసి, ఇంకొకడి నెత్తిన రుద్దాడు. రుద్ది, పదకొండేళ్లు నవ్వాడు.

సాయంత్రం పాత తొడుగుని స్కూటరు ముందర కాళ్ల మధ్య పెట్టుకుని అక్క ఇంటికి వెళ్లాడు. బావ వరండాలో కుర్చీ వేసుకుని రేడియో బాగుచేస్తున్నాడు. మేనకోడలు పరీక్ష పేపర్లు దిద్దుతోంది. మేస్త్రి చెప్పులు విప్పకుండానే తొడుగుని బావ ముందు బల్ల మీద తిరగేసి పెట్టి, జేబులోని గుడ్డ తీసి ఆ అచ్చు పక్కన పెట్టాడు.

మంచినీళ్లు తెచ్చిన అక్క ముందు గుర్తుపట్టింది. "ఇది మన వంటింటి కర్టెను కదరా?"

"అదే. నేనే లోపల మర్చిపోయాను. గాలికి అడ్డంపడింది. మూడోది కాలింది దానివల్లే బావా. నీవల్ల కాదు. మొన్న దొరికితే ఎలుక గూడని అబద్ధం చెప్పాను."

మేనకోడలు పెన్ను కింద పెట్టింది. బావ గుడ్డని వేళ్లతో తడిమాడు, అచ్చు మీద పెట్టి చూశాడు. సరిగ్గా సరిపోయింది.

"నాకు గుర్తుంది," అన్నాడు. "మలుపు దగ్గర గేరు మార్చకుండా పోనిచ్చినట్టు. చెయ్యి గేరు రాడ్డు దాకా వెళ్లి వెనక్కి వచ్చినట్టు కూడా గుర్తుంది. బస్సులో రోజూ అదే కనిపించేది."

"మార్చానని చెప్పావు బావా. రెండుసార్లు చెప్పావు."

"నువ్వు నమ్మలేదు."

"నమ్మలేదు."

"తర్వాత నేనూ నమ్మలేదు," అన్నాడు బావ.

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే మేస్త్రి కాస్త తెరిపిన పడేవాడు. అక్క మంచినీళ్ల గ్లాసు తమ్ముడి చేతిలో పెట్టలేదు, బల్ల మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

బావ తొడుగుని ఒళ్లోకి తీసుకుని సొట్ట మీద బొటనవేలు పెట్టి నొక్కి చూశాడు. "ఏది పెడుతున్నావు?"

"పాతదే. రేపు సొట్ట తీసి, లోపల గీకి పెడతాను."

"మంచిది." బావ కాసేపు రెక్కల్ని లెక్కపెడుతున్నట్టు చూశాడు. తర్వాత తలెత్తకుండా, కొత్తగా నేర్చుకునేవాడిలా అడిగాడు. "ఆ ఎత్తు మీద మూడోలోకి ఎక్కడ మార్చాలి?"

మేస్త్రి అప్పుడు చెప్పులు విప్పి, బావ పక్కన కూర్చున్నాడు.

"ట్యాంకు మలుపు దగ్గర," అన్నాడు. "నువ్వు ఆ రోజు మార్చిన చోటే, బావా."