సరేగారి ఆదివారం

కోడి రెక్కలు రెండూ ఎడమచేత్తో కలిపి పట్టి, మెడ వెనక్కి వంచి, కత్తి ఒక్క లాగు లాగి డ్రమ్ములో పడేశాడు. అది లోపల తన్నుకుంటూ ఉండగానే ఇంకోదాన్ని గూటిలోంచి బయటికి లాగాడు. ఆదివారం పొద్దున కోళ్ళ కొట్టు ముందు జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారు. ఒకాయనకు తొడలు విడిగా కావాలి. ఒకావిడ తోలు తీసెయ్యమంటుంది, తీశాక ఎందుకు తీశావంటుంది. తనకంటే వెనకొచ్చినవాడికి ముందు కొట్టావని ఇంకొకాయన తల్లిని కలిపి తిట్టాడు. అన్నిటికీ అతను "సరే" అన్నాడు.

అందుకే అతన్ని అందరూ సరేగారంటారు. ఆ "గారు" మొదట్లో వెటకారానికి తగిలించిందే, తర్వాత ఊడలేదు. పొట్టి మనిషి, భుజాలు మాత్రం వెడల్పు. ముంజేతుల నిండా కోడిగోళ్ళ గీతలు. చిన్నప్పుడు తండ్రి బెల్టు తీస్తే, "సరే" అన్నాకే దెబ్బలు ఆగేవి. తప్పు తనదైనా కాకపోయినా అదే మందు. అప్పుడు నోటికి పట్టిన మాట పెళ్ళిలోనూ, పంపకాల్లోనూ, కొట్టులోనూ అదే వచ్చింది. అతనికి కోపం రాక కాదు. వచ్చిన కోపాన్ని ఎక్కడ పెట్టాలో తెలియదు, అంతే.

ఆదివారాలు డ్రమ్ము కింద చిన్న క్యాను పెట్టి కొంచెం నెత్తురు పట్టి, గడ్డకట్టకుండా పుల్లతో గిలకొట్టి దాచుకుంటాడు. సాయంత్రం పాతకోట గుమ్మం దగ్గర వేసే నాటకంలో, ఆ ఆటలో అతను చావాలి. ఆ నెత్తురు ప్లాస్టిక్ సంచిలో పోసి చొక్కా లోపల కట్టుకుంటే, చెక్కకత్తి తగలగానే చిట్లుతుంది. మొదట్లో రంగునీళ్ళు వాడారు గానీ, జనం నవ్వారు.

మధ్యాహ్నం కాకముందే వెళ్ళాలని యజమానిని అడిగాడు. గిరాకీ వేళ వెళ్ళడమేమిటని యజమాని కళ్ళెర్రజేశాడు. ఇవాళ మున్సిపల్ కమిషనరుగారు ఆట చూడ్డానికి వస్తున్నారని చెప్పబోయాడు. మాట పూర్తవకముందే తడిచెయ్యి చెంప మీద పడింది. తర్వాత యజమాని కాలు క్యానుకు తగిలింది. నెత్తురంతా కాలవలోకి పోయింది. సరేగారు సరే అన్నాడు. చెంప తుడుచుకుని, మిగిలిన కోళ్ళు కోసి, ముందుగుడ్డ మేకుకు తగిలించి వెళ్ళిపోయాడు.

ఇంట్లో భార్య గోతాలు కుడుతోంది. అతని చెంప మీద వేళ్ళ గుర్తులు చూసి అన్నం పెట్టింది. అడిగినా ఏం చెబుతాడో ఆమెకు తెలుసు.

"కోటకి కాపలా కాస్తావు. మనింటి గొళ్ళెం ఊడి ఎన్నాళ్ళయిందో గుర్తుందా? తలుపుకి తాడు కట్టుకుని పడుకుంటున్నాం" అంది.

"సరే, రేపు బిగిస్తాలే."

"నీ రేపు ఎప్పుడొస్తుందయ్యా?" అంటూ ఇంకో ముద్దంత కూర వేసింది. ఆమె ఆ ఆట ఒక్కసారీ చూడలేదు. మొగుడు చావడం చూసి చప్పట్లు కొట్టే సరదా తనకు లేదనేది.

కోటగోడ ఎప్పుడో పోయింది. మిగిలింది ఆ గుమ్మం, దానికి ఇనుపబొడిపెలు కొట్టిన ఒంటి తలుపు. దాని పక్కన తవ్వకాల్లో మాడిన ధాన్యం, బాణం ములుకులు, పెద్దవీ చిన్నవీ పుర్రెలు దొరికాయి. తలుపుకు లోపలివైపు ఒక మనిషి ఎముకలు దొరికాయి. నుదురు పగిలి ఉంది. వీపు మీద మాత్రం దెబ్బ లేదు. కావలివాడై ఉంటాడని, పారిపోలేదని తవ్వినవాళ్ళు చెప్పారు. ఆ ఎముకల చుట్టూ చరిత్ర మాష్టారు ఆట అల్లారు. నర్సమ్మ, టైర్లాయన, ఇంకొందరు సొంత ఖర్చులతో, ఆదివారాల సెలవులతో పాతకోట బృందంగా చేరారు. ఒట్టి ఉపన్యాసాలకు రానివాళ్ళు చంపడం చూడ్డానికి వచ్చారు. దానికి మాష్టారు నొచ్చుకున్నారు గానీ, కుర్చీలు ఇంకా తెప్పించారు.

ఆటలో సరేగారికి ఉన్నది ఒక్క మాట. శత్రువులు వచ్చి తలుపు తియ్యమంటారు. అతను "తియ్యను" అనాలి. మొదట్లో ఆ మాట గొంతు దాటేది కాదు. పళ్ళు బిగుసుకుపోయి చెమటలు పట్టేవి. మాష్టారు ఓపిగ్గా వారాల తరబడి అనిపించారు. అది బయటికొచ్చిన రోజు అతను ఇంటికి నడుస్తూ దారిపొడుగునా అదే గొణుక్కున్నాడు. బతుకులో అంత సంతోషం అతనికి అంతకుముందు లేదు.

ఇవాళ ఆ గుమ్మానికే గండం. అక్కడ బజారు కట్టబోయే కాంట్రాక్టరుకు అది అడ్డం. జనానికి నిజంగా పట్టిందో లేదో చూసి తేలుస్తానని కమిషనరు కబురు పెట్టాడు. మాష్టారు అందరికీ మళ్ళీ మళ్ళీ చెప్పారు, ముఖ్యంగా సరేగారికి: చచ్చినవాడు, చూసి వెళ్ళే జనంలో చివరి మనిషి గుమ్మం దాటేదాకా లేవకూడదు. ఒకసారి దోమ కుట్టిందని అతను మధ్యలో లేచి కాలు గోక్కుంటే ఊచకోత కాస్తా నవ్వులపాలైంది.

తలుపు వెనక అతను టైర్లాయనతో మెల్లగా అన్నాడు. "ఇవాళ నెత్తురు లేదు. ఒలికిపోయింది."

అతన్ని చంపే పని టైర్లాయనదే. చెంప వాపు చూసి, ఎలా ఒలికిందో అర్థమై, భుజం మీద చెయ్యి వేశాడు. "పోనీలే. గట్టిగా పడు, చాలు" అన్నాడు.

సరేగారు చొక్కాలోంచి ఖాళీగా ఉన్న కొత్త ప్లాస్టిక్ సంచి తీసి, తలుపు లోపలివైపు ఇనుపబొడిపెకు తగిలించి, ముందుకు వెళ్ళి నిలబడ్డాడు.

మాష్టారు మైకులో ముట్టడి చెప్పారు. నర్సమ్మ చిన్నపుర్రెల మాట చెబుతుంటే ముందువరసలో ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. కమిషనరు ఫోను చూసుకుంటున్నాడు. బృందంలో శత్రువులు మొహాలకు నల్లగుడ్డ కట్టుకుని పక్కసందులో సిద్ధంగా ఉన్నారు. వాళ్ళు కదిలేలోపే ఎదురుసందులోంచి నలుగురు వచ్చారు. వీళ్ళ మొహాలకు తువ్వాళ్ళు. చేతుల్లో గడ్డపారలు. జనం ఉత్సాహంగా దారి ఇచ్చి ఫోన్లు పైకెత్తారు. కొత్తవాళ్ళను మాష్టారు తెచ్చారని టైర్లాయన అనుకున్నాడు, టైర్లాయన తెచ్చాడని మాష్టారు అనుకున్నారు.

గడ్డపార రాతి మీద ఈడ్చుకొస్తుంటే వచ్చిన చప్పుడుతో సరేగారికి ఒక్కడికే తెలిసింది, అది ఇనుమని.

"తప్పుకోరా. కాంట్రాక్టరు తలుపు పీకెయ్యమన్నాడు" అన్నాడు ముందున్నవాడు, అతనికి మాత్రమే వినబడేలా.

అతని నాలుక అలవాటు చొప్పున సరే అనడానికే లేచింది. తండ్రి బెల్టు, యజమాని తడిచెయ్యి అన్నీ ఒక్కసారి మీదికొచ్చినట్టయింది. ఎన్నాళ్ళ కోపమో, ఇప్పుడు పెట్టుకోవడానికి దానికొక చోటు దొరికింది.

"తియ్యను" అన్నాడు.

గడ్డపార భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు అతనికి బాగా తెలిసిందే, రోజూ కొట్టులో వినేదే. వెనక్కి పడి తలుపుకు కొట్టుకున్నాడు. విరిగిన చెయ్యి వేలాడుతుంటే రెండో చేత్తో ఇనుపబొడిపె పట్టుకుని లేచి, మళ్ళీ అడ్డంగా నిలబడ్డాడు. ఈలలు మోగాయి. కమిషనరు ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"తియ్యనురా" అన్నాడు సరేగారు. ఈసారి వెనకవరసకు కూడా వినబడింది.

రెండో దెబ్బ నుదుటి మీద పడింది. వెనక తలుపు తెరుచుకుని అతను గడప లోపలికి వెల్లకిలా పడ్డాడు. ఎముకలు దొరికిన చోటే. నెత్తురు కళ్ళలోకి, చెవుల్లోకి, రాళ్ళ సందుల్లోకి పారింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. తమ వైపే తిరిగి ఉన్న అన్ని ఫోన్లు చూసి ఆ నలుగురికీ భయం పట్టుకుంది. తలుపు ముట్టకుండానే సందులోకి పరుగెత్తారు. వెంటనే బృందం వాళ్ళు, అలవాటైన వరసలో, అరుచుకుంటూ అతని మీదుగా దూకి లోపలికి పోయారు.

కమిషనరు తనంతట తానే మైకు అందుకుని, ఈ గుమ్మం ఎక్కడికీ పోదని మాటిచ్చాడు. మాష్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆ ప్రకటన సరేగారు విన్నాడో లేదో తెలియదు. అప్పటికి ఇంకా అతని పెదాలు కొంచెం కదులుతున్నాయి.

జనం ఎప్పటిలాగే గుమ్మంలోంచి ఒక్కొక్కరుగా అవతలికి నడిచారు. ఒక ముసలావిడ చీర నెత్తురుకు తగలకుండా పైకెత్తి పట్టుకుంది. "పాపం, ఎంత బాగా చచ్చాడో. ఊపిరి కూడా తియ్యట్లేదు" అంటూ దాటింది. కుర్చీలు ఎత్తేవాళ్ళు మాత్రం మిగిలారు.

చివరి మనిషి దాటేదాకా ఆగి, టైర్లాయన చెక్కకత్తి చంకలో పెట్టుకుని వచ్చాడు. రాళ్ళ మీద అంత నెత్తురు చూసి నవ్వొచ్చింది. ఎలాగో సంపాదించాడన్నమాట, చివర్లో చూపిద్దామని తనతో అబద్ధమాడాడన్నమాట.

"లే సరేగారూ, అందరూ పోయారు. గుమ్మం నిలబడింది" అన్నాడు.

చెయ్యి అందించడానికి వంగుతూ తలుపు వైపు చూశాడు. ఇనుపబొడిపెకు ఆ ప్లాస్టిక్ సంచి అలాగే వేలాడుతోంది, చుక్క నెత్తురు అంటకుండా, గాలికి కొంచెం ఉబ్బుతూ, మళ్ళీ అణుగుతూ.