పీలిక ఎక్కడిది?

మా ఇంట్లో ఎవరైనా ఎవరినైనా ఎగతాళి చేస్తే "పీలిక వేశాడు" అంటాం. పీలికంటే చిరుగుముక్కని లోకానికంతా తెలుసు. దానికీ నవ్వులాటకీ చుట్టరికమేమిటో మా కుట్టుకొట్టు గడప దాటితే ఎవరికీ తెలియదు. కొత్తగా వచ్చిన మనవడి పెళ్లానికి అసలే తెలియదు.

ఆ పిల్ల సరదాపడి కత్తిరింపు నేర్చుకుంటోంది. మొన్నొక చొక్కాకి రెండు చేతులూ కుడివైపువే కోసింది. గుడ్డ మడవకుండా ఒకదాని తరవాత ఒకటి కోస్తే అంతే మరి. మా వంశంలో ఆ పని చేయనివాడు లేడు. మనవడు ఊరుకోవచ్చుగా? గుడ్డ ఇచ్చిన పెద్దమనిషి ఎదుటే నోరు జారాడు.

"మీకింకో కుడిచెయ్యి మొలిచేదాకా ఆగాలండీ. మా ఆవిడ ముందుచూపుతో కోసింది."

పెద్దమనిషి పకపకా నవ్వాడు. "పోనీలేమ్మా, పీలిక వేశాడు" అన్నాడు మా అబ్బాయి లోపలినుంచి.

ఆ పిల్ల కత్తెర బల్లమీద పడేసి, కొట్టు వెనకే ఉన్న నా గదిలోకి వచ్చింది.

"నేనింక కత్తెర ముట్టను నాన్నమ్మా. కానీ ఒకటి చెప్పండి. ఈ పీలికేమిటి? నా వెనక మీరంతా అనుకునే మాటా?"

"వెనకదే తల్లీ. నిజంగానే వీపు వెనకది."

ఒక కంట ఏడుపు, ఒక కంట ఆరా. మంచం మీదకి జరిగి కూర్చుంది.

"మా మామగారి రోజుల్లో ఎవరు తప్పు కోసినా వాళ్ల వీపుకి చప్పుడు కాకుండా ఒక పీలిక కుట్టేసేవాళ్లం. అది తోకలా ఊగుతుంటే మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుకోవడం."

"మామగారికి కూడానా?"

"ఆయనకే ఎక్కువ! చూపు తగ్గింది కదా."

"మరి మనసు నొచ్చుకోదూ?"

"అందుకే కట్టుబాటు పెట్టారు. దారానికి ముడి వెయ్యకూడదు, లాగితే ఊడిరావాలి. మనిషి వీధిలోకి వెళ్లేలోపు తీసెయ్యాలి. ఒకసారి మా మరిది, గుండీలు కుట్టే ముసలాయనకి తగిలించి మరిచిపోయాడు. ఆయన అలాగే కూతురి కాబోయే అత్తవారింటికి వెళ్లాడు."

"అయ్యో! తరవాత?"

"మర్నాడు పనిలోకి రాలేదు. మామగారు తన వీపుకే పీలిక కుట్టించుకుని, నడివీధిలో నడుచుకుంటూ వాళ్లింటికి వెళ్లారు. ఇద్దరూ కలిసే తిరిగొచ్చారు. ఆనాటితో కుట్టడం పోయింది, మాట మిగిలింది."

"కట్టుబాటు కూడా పోయిందన్నమాట," అంది ఆ పిల్ల నెమ్మదిగా. గోడవతల మనవడి మిషను ఆగి, మళ్లీ కదిలింది.

తెల్లారి నేను కొట్లో కూర్చుని ఉండగా పెద్దమనిషి చొక్కా కోసం వచ్చాడు. మనవడు అది తీయడానికి అటు తిరిగాడు. వీపున ఎర్రటి పీలిక.

"ఏమయ్యా, వెనకేదో వేలాడుతోంది!"

"తెలుసండీ. నిన్న మీ ఎదుట మా ఆవిడకి వేశాను. అది నాకు రావలసింది."

పెద్దమనిషి నవ్వాలో మానాలో తెలియక నావైపు చూశాడు. ఆ పిల్ల మూలనుంచి లేచి వచ్చి పీలిక పట్టుకు లాగింది. రాలేదు. గట్టిగా లాగింది. చొక్కా కదిలింది గానీ పీలిక కదల్లేదు.

"ముడి వేశారా? వెయ్యకూడదటగా!"

"నాకు సగమే వినపడిందే. మిషను చప్పుడు!"

"సరే, కదలకండి," అంటూ ఆ పిల్ల బల్లమీది కత్తెర అందుకుంది.