మోకాలి ఎత్తున వెలుగు

ఎండు మిరపకాయలు నూనెలో వేసి గరిటె కోసం తిరిగిన రకేలేకు కిటికీ గట్టు మీద కొవ్వొత్తి కనబడింది. అది అక్కడ ఉండకూడదు. మామగారు కానియో, ద్రాక్షరసం పులియబెట్టే గుహకు వెళ్లి చాలాసేపయింది.

పొయ్యి ఆపి, కొవ్వొత్తీ అగ్గిపెట్టే పట్టుకుని వీధిలోకి పరుగెత్తింది.

ఇటలీలోని ఈ వుల్తూరే కొండ మీద పెరిగే అల్యానికో రకం ద్రాక్ష చలి ముదిరితే గాని పండదు. ఆ నల్లటి రసం ఇప్పుడు గుహలో తొట్టి నిండా పొంగుతోంది. పులిసే రసం నుంచి పుట్టే గాలి కంటికి కనబడదు. నీళ్లలా పల్లానికి దిగి నేలమీద పేరుకుని ప్రాణం తీస్తుంది. అందుకే ఈ ఊళ్లో ఎవరైనా కొవ్వొత్తిని మోకాలి దగ్గర పట్టుకునే గుహలోకి దిగుతారు. ఆరిందా, వెనక్కి రావాల్సిందే. అలా పట్టుకోవడానికి నడుం వంగడం లేదని ముసలాయన నిన్నంతా సణుగుతూనే ఉన్నాడు.

గుహ తలుపు తీసేసరికి కింద వెలుగు కనబడింది. రకేలే ప్రాణం కుదుటపడబోయింది. కానీ ఆ వెలుగు లాంతరుది. మామగారి తలకంటే ఎత్తున, కొక్కేనికి వేలాడుతోంది. ఆయన తొట్టి పక్కన నిలబడి, పైకి తేలిన తొక్కల్ని పొడవాటి కర్రతో లోపలికి అదుముతున్నాడు.

ఆమె కొవ్వొత్తి వెలిగించి, కిందికి పట్టుకుని దిగింది. అడుగున ఇంకా రెండు మెట్లు ఉండగానే అది ఆరిపోయింది.

"మావయ్యా, పైకి వచ్చెయ్యండి!"

"ఎందుకే? లాంతరు పెళ్లికొడుకులా వెలిగిపోతోంది, కనబడ్డం లేదూ?"

"నెత్తి మీద వెలుగుతోంది. కాళ్ల దగ్గర చూసుకున్నారా?"

"ఇక నువ్వు నేర్పాలి నాకు గుహ సంగతి!" అంటూ తల విసిరాడు. టోపీ జారి నేల మీద పడింది. చనిపోయిన భార్య కొన్న టోపీ. ఆయన దానికోసం వంగబోయాడు.

వంగితే ముఖం ఆ గాలిలోకే వెళ్తుంది. తను దిగితే ఇద్దరూ పడతారు. బతిమాలితే ఈయన వినడు.

"వంగండి, వంగండి! నిన్న కుర్చీలోంచి లేవడానికే నలుగురి సాయం కావాల్సొచ్చింది. ఇప్పుడు ఎవర్ని పిలవమంటారు?"

ఆయన నిటారుగా నిలబడ్డాడు.

"నాకెవడి సాయమూ అక్కర్లేదు."

"అయితే కర్రతో ఎత్తి పైకి తీసుకురండి, చూస్తాను."

తిట్టుకుంటూనే కర్ర కొసతో టోపీ లేపి, తడబడుతూ మెట్లెక్కాడు. గడప మీద కూలబడ్డాక గాని ఆయన ముఖం ఎంత పాలిపోయిందో ఆమెకు తెలియలేదు.

"ఇందాకట్నుంచీ తల దిమ్ముగానే ఉంది," అన్నాడు మెల్లగా. "నిద్ర చాల్లేదనుకున్నాను."

రకేలే తలగుడ్డ విప్పి కొవ్వొత్తిని కర్ర చివర గట్టిగా కట్టి, వెలిగించి ఆయన చేతికిచ్చింది. ఆయన కూర్చున్నచోటు నుంచే దాన్ని మెట్ల మీదుగా కిందికి దించాడు. ఆరిపోయింది. పైకి లాగి, మళ్లీ వెలిగించమని ఆమెకేసి చాచాడు. మళ్లీ ఆరిపోయింది.

"ఇలాగైతే వంగక్కర్లేదు," అన్నాడు.

ఆ కర్రను గుహ తలుపు పక్కనే ఆనించి పెట్టాడు.