నలభై నాలుగేళ్ల తేజో పరుగు

పంజాబులోని నకోదర్ నుంచి వచ్చే బస్సులో ఆ రోజు తేజ్‌వంత్ కౌర్‌కు సీటు దొరికింది. దొరికిన తీరే బాగాలేదు. కాలేజీ పిల్ల ఒకతె గబుక్కున లేచి, "కూర్చోండి ఆంటీ, ఇలాంటప్పుడు నిలబడకూడదు" అంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లంతా ఒక్కసారిగా తేజో పొట్టవైపు చూశారు. ఆమెకు నలభై నాలుగేళ్లు. పెద్దకొడుక్కి సంబంధాలు చూస్తున్నారు. అది కడుపు కాదని అంతమందిలో చెప్పుకోవడం కన్నా కూర్చోవడమే నయమనిపించి కూర్చుంది. తన ఊరు మల్లోవాల్‌లో దిగేదాకా పొట్టమీద పరుచుకున్న చున్నీ తీయలేదు.

ఇంటికొచ్చి చెబితే భర్త బల్కార్ సింగ్ పడీ పడీ నవ్వాడు. "ఇంకేం, రోజూ బస్సులోనే వెళ్లు, సీటుకి ఢోకా లేదు!"

వాకిట్లో మంచమ్మీద కూర్చున్న మామగారు జగీర్ సింగ్ మాత్రం నవ్వలేదు. డెబ్బై మూడేళ్ల మనిషి. సైన్యంలో హవల్దారుగా వందలమంది కుర్రాళ్లను పరిగెత్తించి వచ్చాడు. ఊరంతా ఆయన్ని దార్జీ అంటుంది.

"అమ్మాయ్, తగ్గించుకోవాలని నిజంగా ఉందా, లేక ఏడ్చి ఊరుకుంటావా?" అన్నాడు.

"ఉంది దార్జీ."

"అయితే రేపు ఐదింటికి గేటు దగ్గరుండు."

మర్నాడు కాలవగట్టు మీద తేజో మూడు కరెంటు స్తంభాల దూరం పరిగెత్తింది. నాలుగో స్తంభాన్ని కౌగిలించుకుని నిలబడిపోయింది. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది.

"దార్జీ, నావల్ల కాదు. చచ్చిపోతాను."

"మాట్లాడగలుగుతున్నావంటే చావవు. ఐదో స్తం...దాకా నడువు, ఆరోదాకా పరిగెత్తు" అన్నాడు వెంట వస్తున్న దార్జీ, మాట సగం మింగేస్తూ.

"స్తంభమన్నా పూర్తిగా అనండి దార్జీ, ఆయాసం నాదా మీదా?" అని ఆ ఆయాసంలోనూ నవ్వింది. నవ్వుతూనే ఆరో స్తంభం చేరింది.

పరుగు ఒక ఎత్తు, వంటిల్లు ఒక ఎత్తు. వంటింటికి రాణి అత్తగారు బచింత్ కౌర్. ఇంట్లో అందరికీ ఆమె బీజీ. అమృతం పుచ్చుకుని సిక్కు దీక్ష తీసుకున్న కుటుంబం కనుక మాంసం, గుడ్డు గడప తొక్కవు. ఆ లోటు తీర్చాలన్నట్టు బీజీ ప్రతి పరాఠా మీదా నిమ్మకాయంత వెన్న పెడుతుంది. తేజో వద్దంటే కళ్లెర్ర చేసింది. "పొడి రొట్టె తినడానికి మనింట్లో గేదెలు చచ్చాయా?"

రెండు వారాలు పరిగెత్తినా పొట్ట చెక్కుచెదరలేదు. టౌన్లో కొత్తగా పెట్టిన జిమ్‌కు వెళ్లి అడుగుదామని తేజో బయల్దేరింది. కూరగాయలు తెచ్చుకోవాలని బీజీ కూడా వెంట వచ్చింది. కండలు తిరిగిన జిమ్ కుర్రాడు తేజోని కిందికీ మీదికీ చూసి, "ఆంటీ, పప్పూ రొట్టే తింటే ఆ పొట్ట ఈ జన్మలో తగ్గదు. కోడి తినాలి, రోజుకి ఆరు గుడ్లు తినాలి" అన్నాడు.

తేజో కన్నా ముందు బీజీకి ఒళ్లు మండింది.

"ఏంట్రా అబ్బీ, గుర్రం ఏం తిని పరిగెడుతుంది? కోడి తినా, శనగలు తినా? యాభై ఏళ్లుగా నా చేతి పప్పు తిన్నవాళ్లు యుద్ధాలు చేసొచ్చారు! పదవే తేజో, వీడికి మనమే చేసి చూపిద్దాం."

ఆ సాయంత్రం నుంచి బీజీయే వంటింట్లో తేజో పక్షం. వెన్నకుండ అటకెక్కింది. తాలింపులోకి కొలిచి ఒక్క చెంచా నెయ్యి. గోధుమపిండిలో సగం శనగపిండి కలిపి, ఉల్లిపాయ, మెంతాకు వేసి పెనంమీద పొడిగా కాల్చిన రొట్టెలు రెండు, లెక్కగా రెండే. గిన్నెనిండా రాజ్మా, లేకపోతే పెసరపప్పు. ఇంట్లో పాలు విరగ్గొట్టి చేసిన పనీరు నాలుగు ముక్కలు. ముల్లంగి, కీరా ఎంతైనా తినొచ్చు. పంచదార లస్సీ బదులు వాము, ఉప్పు వేసిన పలచటి మజ్జిగ. రాత్రి ఏడు దాటితే వంటిల్లు మూసేసి తాళంచెవి బొడ్లో దోపుకునేది.

"బీజీ, ఒక్క నేతి లడ్డూ..." అని తేజో బతిమాలితే, "బస్సెక్కుతావా మళ్లీ?" అనేది.

దార్జీ కూడా పద్ధతి మార్చాడు. పడుకుని లేచే కసరత్తు తెగ చేస్తున్న తేజోని ఆపి, "పొట్టనొక్కదాన్నే పిండితే ఏమొస్తుంది? ఒళ్లంతా పనిచేయాలి" అని నీళ్ల బకెట్లు మోయించాడు, గుంజీలు తీయించాడు. మోచేతులూ కాలివేళ్లూ నేలకానించి, నడుము కర్రలా నిలిపి ఉంచమన్నాడు. మొదట తొమ్మిది అంకెలకే కూలబడింది. దీపావళి నాటికి నూరు దాటించింది.

ఆ నెలలోనే దర్జీ నిర్మల ఆమెకు కమీజు కొలత తీస్తూ టేపు రెండుసార్లు తిప్పి చూసింది. "భాబీ, పోయినసారి తప్పు రాసుకున్నానా? నడుము దగ్గర నాలుగంగుళాలు తేడా వస్తోంది!" తేజో కుట్టుకూలి చేతిలో పెట్టి ఇంటిదాకా పరిగెత్తింది. ఆ పరుగు దార్జీ చెబితే తీసింది కాదు.

ఫిబ్రవరిలో ఊరి ఆటల పోటీలకు పాంప్లెట్లు పంచారు. నలభై దాటిన ఆడవాళ్లకు మైదానం చుట్టూ ఒక రౌండు, నాలుగు వందల మీటర్లు. దార్జీ అడక్కుండానే పేరు రాయించి వచ్చాడు.

పోటీకి ఎనిమిదిమంది నిలబడ్డారు. పక్కూరి హర్మీందర్ కౌర్ పోలీసు ఉద్యోగి, రెండేళ్లుగా ఆమెదే గెలుపు. తేజోని చూసి, "అక్కా, మెల్లగా రా, కంగారు లేదు" అంది. ఈల మోగింది.

మొదటి మలుపులో తేజో ఐదో మనిషి. మైదానం అవతలి వైపు ఇద్దరిని దాటింది. ఊపిరి అందుతోంది, కాళ్లు తేలిగ్గా పడుతున్నాయి! మూడో మలుపులో ఇంకొకరిని దాటింది. ముందు హర్మీందర్ ఒక్కతే. సరిగ్గా అప్పుడే తేజో ట్రాక్ ప్యాంటు జారడం మొదలుపెట్టింది. ఆగస్టులో లావు నడుముకు కొన్నది అది. ఎలాస్టిక్ ఇప్పుడు ఎక్కడా పట్టడంలేదు. ఎడమచేత్తో గుప్పెడు బట్ట ఒడిసిపట్టుకుంది. జనం గొల్లుమన్నారు.

ఆ నవ్వుల్ని చీల్చుకుంటూ బీజీ గొంతు వినిపించింది. ముసలామె చేతికర్ర పైకెత్తి, జనాన్ని ఆపడానికి కట్టిన తాడు పక్కనే పరిగెడుతోంది. "వదలకే తేజో! ప్యాంటూ వదలకు, ఆ పోలీసుదాన్నీ వదలకు!"

తేజోకు నవ్వొచ్చింది, ఆ నవ్వుతో భయం పోయింది. ఒక్క చేయే ఊపుతూ, పళ్లు బిగించి, హర్మీందర్ భుజం దగ్గరికి చేరింది. ఆమె ఆశ్చర్యంగా పక్కకు చూసింది. ఆ చూపు చాలింది. జానెడు దూరంతో తేజో గీత దాటింది.

దార్జీ పరుగు టైము లెక్కకట్టిన గడియారం చూపించాడు. హర్మీందర్ రొప్పుతూ వచ్చి కావలించుకుని, "రెండు చేతులూ ఖాళీగా ఉంటే నన్నేం చేసేదానివక్కా!" అంది. బీజీ మాత్రం మైకు దగ్గరికి వెళ్లి, ఎవరూ అడక్కపోయినా, తన కోడలు ఏం తిని గెలిచిందో పప్పులతో సహా చెప్పి వచ్చింది.

మర్నాడు ఒళ్లంతా సలుపుతుంటే తేజో ఈ ఒక్కరోజుకీ పడుకుందామనుకుంది. ఐదు కాకముందే గేటు చప్పుడైంది. తీసి చూస్తే పొగమంచులో ఆరుగురు ఆడవాళ్లు, శాలువాలు కప్పుకుని, కొందరు పిల్లల స్కూలు బూట్లు వేసుకుని నిలబడ్డారు. దర్జీ నిర్మల ముందుంది.

"భాబీ, మాక్కూడా నేర్పుతావా? నవ్వకూడదు మరి."

"నవ్వకుండా ఎలా పరిగెడతామే?" అంటూ తేజో బూట్ల లేసులు కట్టుకుని, చలిలోకి ముందుగా దూకింది.